రెండో కాలు

షుగరు జబ్బు వాళ్ళ క్లినిక్కులో డ్రెస్సింగు గది అంటే పదడుగుల గది. ఒక ఎత్తు కుర్చీ, దాని ముందు ఒక పొట్టి స్టూలు, ఒక ట్రాలీ, చేతులు కడుక్కునే తొట్టి. ఎత్తు కుర్చీలో పేషెంటు కూర్చుంటాడు. పొట్టి స్టూలు మీద సిస్టరు కూర్చుంటుంది. అంటే రోజంతా ఆవిడ తల ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళ దగ్గరే ఉంటుందన్నమాట. జనం ఆవిడని పాదాల సిస్టరమ్మ అంటారు. మొహం చూసి పోల్చుకోలేకపోయినా మడమ చూపిస్తే ఎవరిదో చెప్పేస్తుందని వరండాలో ఒక మాట ఉంది. అందులో కోతలేమీ లేవు.

గురువారం పొద్దున ఆ గది గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు. చేతిలో స్టాప్‌వాచీ.

సోమవారం నాడే కొత్త రూలు వచ్చింది. ఒక్కో పేషెంటుకు ఏడు నిమిషాలు. టోకెను మీద ఏ కాలు రాసి ఉంటే ఆ కాలే విప్పాలి. వరండాలో జనం గంటలకొద్దీ పడిగాపులు కాస్తున్న మాట నిజమే, కాదనడానికి లేదు. ఇంకో సిస్టరుని వెయ్యండి బాబూ అని రెండేళ్ళుగా అడుగుతుంటే పైవాళ్ళు ఆలోచించి, చించి, చివరికి ఒక స్టాప్‌వాచీ ఇచ్చి పంపారు.

కుర్చీలో డ్రైవరు బాబాయి ఉన్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. కుడికాలి బొటనవేలు కింద పుండు, మూడు నెలలుగా వస్తూ ఉన్నాడు. సిస్టరమ్మ పాత కట్టు మీద సెలైను పోసి నాననిచ్చింది. లాగితే కొత్త చర్మం ఊడివస్తుంది. నాననివ్వాలంటే నిమిషన్నర. ఆ నిమిషన్నరా మేనేజరు బొటనవేలు వాచీ మీద అలాగే ఉంది.

"నలభై ఏళ్ళు బ్రేకు తొక్కిన కాలు తల్లీ. ఇప్పుడు అదే నాకు బ్రేకు వేసింది" అన్నాడు బాబాయి.

"బాగానే మానుతోంది. ఇదిగో, అంచులు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. క్లచ్చు కాలు ఎలా ఉంది?"

"దానికేం! రాయిలా ఉంది."

నొప్పి తెలియని కాలి సంగతి ఆ కాలు గల మనిషిని అడగడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. అందుకే ఎప్పుడూ అడిగి ఊరుకోదు, విప్పి చూస్తుంది. కట్టు చివర అంటించి, గ్లవ్సు మార్చుకుని, అలవాటు కొద్దీ ఎడమకాలి బూటు పట్టీ మీద చెయ్యి వేసింది.

"సిస్టర్, ఆరున్నర" అన్నాడు మేనేజరు. "టోకెను మీద కుడికాలే ఉంది."

ఆ చెయ్యి పట్టీ మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది.

బాబాయి దిగాడు, దణ్ణం పెట్టాడు, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. సిస్టరమ్మ రిజిస్టరులో వరుస పూర్తి చేసింది. పుండు కొలత, కట్టు రకం, మళ్ళీ రావలసిన తేదీ. చివరి గడిలో 'రెండు పాదాలూ చూడబడినవి' అని ఉంటుంది. చూసినా చూడకపోయినా అందులో టిక్కు పెట్టెయ్యమని హెడ్ సిస్టరు అందరికీ చెప్పి ఉంచింది. ఖాళీలు కనిపిస్తే పైవాళ్ళు ప్రశ్నలు వేస్తారట. సిస్టరమ్మ ఆ గడి ఖాళీగా వదిలేసింది. సోమవారం నుంచీ ఆవిడ పేజీల్లో ఆ గడులన్నీ ఖాళీయే. వాచీని ఎదిరించడం చేతకాలేదు గానీ అబద్ధం రాయడం మాత్రం తన వల్ల కాలేదు.

ఆ తర్వాతి సోమవారం బాబాయి నడిచి రాలేదు. కూతురు చక్రాల కుర్చీలో తోసుకుంటూ తెచ్చింది. ఆ అమ్మాయి బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో పరుగెత్తుకు వచ్చినట్టుంది, యూనిఫారం మీదే ఉంది, టికెట్ల మిషను ఇంకా భుజానికి వేలాడుతోంది.

గదిలోకి రాకముందే సిస్టరమ్మకి వాసన అందింది. ఆ వాసన తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఈసారి ఎవరు వాచీ పట్టుకు నిలబడ్డా లెక్కచెయ్యకుండా ఎడమ బూటు విప్పింది. సాక్సు అతుక్కుపోయింది. సెలైను పోసి, తడిపి, కత్తెరతో చీల్చి తీసింది. చిటికెనవేలు, దాని పక్కవేలు నల్లగా ఉన్నాయి. పాదం మీదంతా వాపు. బూటు తిరగేసి లోపల వేలు పెట్టి తడిమితే అట్ట లోంచి మేకు మొన తగిలింది. కందిగింజంత మొన. దాని మీద ఆ మనిషి వారం రోజులు నడిచాడు.

"నాకేం తెలియలేదు తల్లీ, ఒట్టు" అన్నాడు బాబాయి, తప్పు చేసిన పిల్లాడిలా.

"మీకు తెలియదు బాబాయ్. మీకు తెలియదనే కదా మేముంది" అంది సిస్టరమ్మ.

పెద్దాసుపత్రికి చీటీ రాయించింది. ఆంబులెన్సు వచ్చేలోగా పాదం కడిగి, వదులుగా గాజుగుడ్డ చుట్టింది. కూతురు అంతసేపూ గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. చివరికి అడిగింది.

"గురువారం ఇక్కడికే వచ్చాడు కదా సిస్టర్. ఈ కాలు ఎవరూ చూడలేదా?"

సిస్టరమ్మ నోరు తెరిచింది. గుమ్మంలోంచి మేనేజరు గొంతు అందుకుంది. "ఏదున్నా ఆఫీసులో మాట్లాడదామమ్మా. కంప్లెయింటు రాసివ్వండి. బుధవారం పదింటికి రండి, జవాబు చెబుతాం."

మంగళవారం సాయంత్రానికి కబురొచ్చింది. రెండు వేళ్ళూ తీసేశారు. పాదం మిగులుతుందన్నారు.

ఆ కబురు వెనకే సిస్టరమ్మకి పిలుపు వచ్చింది. మేనేజరు టేబులు మీద రిజిస్టరు గురువారం పేజీ దగ్గర తెరిచి ఉంది. పక్కన మూత తీసిన పెన్ను. హెడ్ సిస్టరు కిటికీ దగ్గర నిలబడి బయట పార్కింగులో ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూస్తోంది.

"కూర్చోండి సిస్టర్" అన్నాడు మేనేజరు. చెడ్డగా అనలేదు, పాపం. ఆయన ఎప్పుడూ చెడ్డగా మాట్లాడడు. "ఇక్కడ ఒక గడి మర్చిపోయారు."

"మర్చిపోలేదు సార్. చూడలేదు, అందుకే పెట్టలేదు."

"పనుల ఒత్తిడిలో మర్చిపోయారు. ఎవరికైనా జరుగుతుంది. ఇప్పుడు పెట్టెయ్యండి. నేను మీ కోసమే చెబుతున్నాను."

"పెడితే ఏమవుతుంది సార్?"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. గురువారం రెండు పాదాలూ చూశాం, ఎడమకాలు బాగుంది అని రికార్డు ఉంటే పుండు ఆ తర్వాత ఇంటి దగ్గర పడిందన్నమాట. నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళు పట్టించుకోలేదన్నమాట. క్లినిక్కుకి మచ్చ ఉండదు, సిస్టరుకీ ఉండదు. జవాబు అప్పుడే టైపు చేయించి ఉంచాడు కూడా. సిస్టరమ్మ తలకిందులుగానే చదివింది. 'ఇంటివద్ద సంరక్షణలో నిర్లక్ష్యం వలన.'

అంటే ఆ కండక్టరు పిల్ల. పొద్దున నాలుగింటికి మొదటి బస్సెక్కి, మధ్యాహ్నం దిగి, తండ్రికి వండిపెట్టి, వారానికి రెండుసార్లు మర్చిపోకుండా క్లినిక్కుకి పంపే పిల్ల. ఇక బతికినన్నాళ్ళూ తండ్రి వేళ్ళు నా వల్లే పోయాయి అనుకుంటూ టికెట్లు కొట్టాలి. సిస్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"గురువారం నా చెయ్యి ఆ బూటు మీద ఉంది సార్. తియ్యించింది మీరు."

"నేను టైము చెప్పాను. చెయ్యి తీసింది మీరు" అన్నాడాయన.

అది మాత్రం నిజం. పుండు మీద కారంలా మండే నిజం.

హెడ్ సిస్టరు కిటికీ వైపు నుంచి తిరగకుండానే అంది. "అక్కలా చెబుతున్నా. ఖాళీగా వదిలేస్తే తప్పు నీ మీదే పడుతుంది. చూడలేదు అని నీ సంతకంతో ఉంటుంది. ఆ గదిలో మళ్ళీ నిన్ను కూర్చోనిస్తారనుకుంటున్నావా? చిన్న టిక్కు. గీత కూడా కాదు."

"రేపు పదింటి వరకు ఆలోచించుకోండి" అని మేనేజరు రిజిస్టరు మూశాడు. పెన్ను మాత్రం దాని మీదే పెట్టి ఉంచాడు.

ఇంట్లో అత్తగారు తలుపు తీస్తూనే మొహం చూసి, "ఎవర్ని చంపొచ్చావే?" అంది. ఆవిడ పలకరింపు అలాగే ఉంటుంది. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చొక్కాలు కుట్టిన మనిషి, మాటలు కూడా గట్టి దారంతోనే కుడుతుంది.

సిస్టరమ్మ బ్యాగు కూడా దించకుండా జరిగిందంతా చెప్పింది. చెయ్యి వెనక్కి తీసుకున్న ముక్క దగ్గర ఏడ్చేసింది. మొగుడికి రాత్రి షిఫ్టు, ఇంట్లో లేడు. లేకపోవడమే మంచిదైంది. ఉంటే ఉద్యోగం పోతే ఎలా అని ముందే నీరుగారిపోయేవాడు.

అత్తగారు అంతా విని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మా ఫ్యాక్టరీలో చివర్న ఒక బల్ల ఉండేది. అక్కడ చొక్కా చూసి ముద్ర కొట్టాలి. గంటకి ఇన్నని లెక్క పెట్టారు. ఇంకేముంది, చూడకుండా కొట్టేవాళ్ళం. గుండీ లేకపోయినా కొట్టేవాళ్ళం. నేనూ కొట్టాను, సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాదు."

"మరింకేం? నన్నూ కొట్టెయ్యమంటావా అత్తయ్యా?"

"గుండీ ఊడితే ఇంకోటి కుట్టుకుంటారే పిచ్చిదానా. వేలు కుట్టుకుంటారా?"

సిస్టరమ్మ ఏడుపు మధ్యలో నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"తప్పు చేశావు. ఒప్పుకో. ఆ పిల్ల నిన్ను తిడుతుంది, పడు. కానీ నీ తప్పు తీసుకెళ్ళి దాని నెత్తిన మాత్రం పెట్టకు. అలాంటి కోడలు నాకొద్దు. ఇక లేచి చేతులు కడుక్కో, భోంచేద్దాం. రేపు దెబ్బలాటకి వెళ్ళేది ఖాళీ కడుపుతోనా?"

బుధవారం పదింటికి కండక్టరు అమ్మాయి మేనేజరు ఎదురుగా కూర్చుని ఉంది. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్న మొహం. టేబులు మీద టైపు చేసిన జవాబు మడత పెట్టి ఉంది. సిస్టరమ్మ రాగానే మేనేజరు రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు.

"ఒక చిన్న సంతకం మిగిలిపోయిందమ్మా. అయిపోగానే మీకు చదివి వినిపిస్తాను" అన్నాడు కూతురితో.

సిస్టరమ్మ పెన్ను తీసుకుంది. కూర్చోలేదు. ఆ చిన్న గడిలో ఇరుకు ఇరుకుగా రాసింది. 'ఎడమకాలు చూడలేదు.' గడి చాలలేదు. మిగతాది పేజీ పక్కనున్న ఖాళీలో, అందరికీ కనబడేంత పెద్ద అక్షరాలతో రాసింది. 'ఏడు నిమిషాల రూలు వల్ల, మేనేజరు గారు ఆపడం వల్ల, నేను ఆగడం వల్ల.' కింద సంతకం పెట్టి ఆ రోజు తేదీ వేసింది. వెనకటి తేదీ కాదు, బుధవారం తేదీయే.

రిజిస్టరు మేనేజరు వైపు తిప్పలేదు. ఆ అమ్మాయి వైపు తిప్పింది.

"ఇది చదువు తల్లీ. ఆ కాగితం కాదు."

అమ్మాయి చదివింది. మళ్ళీ చదివింది. లేచి నిలబడింది.

"అంటే చూడలేదు."

"చూడలేదు. చెయ్యి వేసి తీసేశాను. నీ తప్పు ఇందులో ఏమీ లేదు. ఎవరైనా ఉందంటే ఈ పేజీ చూపించు."

ఆ పిల్ల ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఎందుకంటుంది?

"మా నాన్న మీ పేరు చెప్పి ధైర్యంగా ఉండేవాడు. పాదాల సిస్టరమ్మ చూస్తుందిలే, నువ్వు బెంగపెట్టుకోకు అనేవాడు. నేనూ నమ్మి ఇంట్లో బూటు విప్పించి చూళ్ళేదు." "మిమ్మల్ని ఏమనాలో కూడా తెలియట్లేదు నాకు."

ఫోను తీసి ఆ పేజీకి ఫొటో తీసుకుంది. మేనేజరు "అమ్మా, అది ఆఫీసు రికార్డు" అంటూ లేచేలోపు రెండోది కూడా తీసుకుంది. టైపు చేసిన జవాబు మడత విప్పకుండా టేబులు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

మేనేజరు ఆ జవాబు కాగితం తీసి సొరుగులో పడేశాడు. ఆ ఫొటోలు బయటికి వెళ్ళాక సిస్టరుని ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంకా రచ్చ అవుతుందని ఆయనకీ తెలుసు. అలాగని ఊరుకుంటే మాట చెల్లదు.

"రేపటినుంచి మీరు డ్రెస్సింగు గదికి వెళ్ళక్కర్లేదు. టోకెను కౌంటరు చూసుకోండి. మీరు సెలవు పెట్టినప్పుడు చూసే చిన్న సిస్టరు గదిలో ఉంటుంది" అన్నాడు.

పద్నాలుగేళ్ళు పుండ్లు మాన్పిన చేతికి చీటీలు చించే పని. అందరికీ అర్థమైంది. వరండాలో ఆయాలు కూడా ఆవిడ మొహం చూడలేక పక్కకి తిరిగారు.

టోకెను కౌంటరంటే మెట్లెక్కగానే ఉండే ఒక కిటికీ. లోపల ఎత్తు స్టూలు. మొదటిరోజు సిస్టరమ్మకి అదే కొత్తగా అనిపించింది, ఇన్నేళ్ళ తర్వాత జనం మొహాలు చూడటం. పేరు, వయసు, ఎందుకొచ్చారు, ఏ కాలు. టోకెను చించి ఇవ్వడం. గంట గడిచింది. ముప్ఫై టోకెన్లయ్యాయి. గదిలో అయితే రోజంతా కలిపి ముప్ఫై కాళ్ళు.

ముప్ఫై ఒకటో టోకెను మీద 'ఏ కాలు' అన్న చోట 'కుడి' అని రాయబోయి ఆగిపోయింది.

టోకెను మీద ఏ కాలు రాసి ఉంటే ఆ కాలే విప్పాలి. అదీ రూలు. గోడ మీద సంతకంతో సహా అంటించి ఉంది. మరి టోకెను మీద రాసేది ఎవరు?

'రెండూ' అని రాసింది.

ముప్ఫై రెండుకీ అదే. ముప్ఫై మూడుకీ అదే. తర్వాత చూస్తే ఇంకో చిక్కు. రెండూ విప్పితే ఏడు నిమిషాలు చాలవు, లోపల చిన్న సిస్టరుకి మాట వస్తుంది. దానికీ దారి దొరికింది. టోకెను ఇస్తూ ఒక పాత న్యూస్‌పేపరు కూడా చేతికివ్వడం మొదలుపెట్టింది.

"బెంచీ మీద కూర్చున్నాక కాళ్ళ కింద ఇది పరుచుకోండి. సాక్సులు విప్పెయ్యండి. బూటు లోపల చెయ్యి పెట్టి తడమండి. మీ అరికాలు మీకు కనబడదు, అంచేత పక్కవాళ్ళకి చూపించండి, వాళ్ళది మీరు చూడండి. ఎర్రగా గానీ, చెమ్మగా గానీ, నల్లగా గానీ ఉంటే నాకు చెప్పండి. లేచి నడిచేటప్పుడు మాత్రం చెప్పులు వేసుకునే నడవాలి, వట్టికాళ్ళతో వెళ్ళారంటే ఊరుకోను."

మొదట్లో జనం సిగ్గుపడ్డారు. ముక్కూమొహం తెలియని మనిషికి అరికాలు చూపించడమేంటి? ఒక పెద్దాయన "నా పెళ్ళానికే చూపించలేదమ్మా" అన్నాడు. "అయితే ఆవిడ అదృష్టవంతురాలు, ఇప్పుడు ఈయనకి చూపించండి" అంది సిస్టరమ్మ. బెంచీలన్నీ నవ్వాయి. ఆ నవ్వుతో సిగ్గు సగం పోయింది. రెండోరోజుకి వరండా అంతా కాళ్ళెత్తి, మెడలు వంచి, కళ్ళద్దాలు సర్దుకుని ఒకళ్ళ పాదాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. గంటలకొద్దీ ఖాళీగా కూర్చునే జనానికి ఒక పని దొరికింది.

శనివారం చిన్న సిస్టరు గ్లవ్సులతోనే కౌంటరు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నలభై ఒకటో నంబరు. కుడికాలి కట్టుకని వచ్చింది. ఎడమ మడమలో సూది ముక్క ఉంది. ఆవిడకి తెలియనే తెలియదు. పక్కనామె చూసి చెప్పిందట. తీసేశాను, చీము కూడా పట్టలేదు." ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. వెనక్కి వెళ్ళబోతూ గొంతు తగ్గించింది. "అక్కా, నేనింతవరకు చూడకుండానే టిక్కులు పెట్టాను."

"ఇక చూసి పెట్టు" అంది సిస్టరమ్మ.

సోమవారం పదకొండింటికి మేనేజరు వరండాలోకి వచ్చాడు. నాలుగు బెంచీల నిండా జనం, కింద న్యూస్‌పేపర్లు, వాటి మీద వరసగా ఒట్టి పాదాలు. ఆయన అక్కడే నిలబడిపోయాడు.

"ఏంటిది? ఎవరు విప్పమన్నారు?"

"నేనే సార్" అంది కిటికీలోంచి సిస్టరమ్మ.

ఆయన టోకెను ఒకటి తీసి చూశాడు. ఇంకొకటి చూశాడు. "అందరికీ రెండూ అని ఎలా రాస్తారు? రూలేంటి?"

"టోకెను మీద ఉన్న కాలే విప్పాలని సార్. మీ రూలే. అక్షరం తప్పకుండా పాటిస్తున్నాం. లోపల ఏడు నిమిషాలు దాటడం లేదు, విప్పడం ఇక్కడే అయిపోతోంది కాబట్టి. కావాలంటే వాచీ పెట్టుకోండి."

ఆయన నిజంగానే డ్రెస్సింగు గది గుమ్మం దగ్గరికి వెళ్ళి వాచీ నొక్కాడు. ఆరు నిమిషాల పది సెకన్లు. ఇంకొకరికి నొక్కాడు. ఆరుంపావు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మొహంలో మింగలేని, కక్కలేని ఏదో ఉంది.

"ఇక్కణ్ణుంచి కూడా మార్చాల్సొస్తుంది మిమ్మల్ని."

"మార్చండి సార్. ఎక్కడికి, గేటు దగ్గరికా? అక్కడైతే ఇంకా ముందే విప్పిస్తా."

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడే మెట్ల పక్క వాలు మీదుగా చక్రాల కుర్చీ పైకి వచ్చింది. డ్రైవరు బాబాయి, ఎడమకాలికి ఆసుపత్రి కట్టుతో. వెనకాల కూతురు. బాబాయి సిస్టరమ్మని చూసి చెయ్యెత్తాడు. కూతురు ఎత్తలేదు. కిటికీ దగ్గరికి వచ్చి చీటీ తోసింది. మొహంలోకి చూడకుండానే నిలబడింది.

"ఏ కాలు?" అని అడిగింది సిస్టరమ్మ.

"రెండూ" అంది ఆ అమ్మాయి.

టోకెను తీసుకుంది. న్యూస్‌పేపరు కూడా తీసుకుంది. బెంచీ పక్కన కుర్చీ ఆపి, నేల మీద మోకాళ్ళూని, తండ్రి కుడికాలి బూటు పట్టీ తనే విప్పింది. లోపల చెయ్యి పెట్టి మూలమూలా తడిమింది. తర్వాత లేచి వరండా చివరిదాకా చూసింది. ఆఖరి బెంచీలో ముగ్గురు మేనేజరుని చూసి భయపడి గబగబా సాక్సులు తొడుక్కుంటున్నారు. కిక్కిరిసిన బస్సులో వెనక డోరు దాకా వినిపించే గొంతు ఆమెది. ఆ గొంతు తీసింది.

"ఆఖర్న ఉన్నవాళ్ళు ఎందుకు తొడుగుతున్నారు? విప్పండి, విప్పండి! రెండు కాళ్ళూ! ఎవరూ ఏమీ అనరు, నేనున్నాగా!"

ఆ ముగ్గురూ మళ్ళీ విప్పారు. మేనేజరు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. వెనక నలభై నాలుగో నంబరు ముసలావిడ ఆయన మోచెయ్యి తట్టి, "కాస్త జరుగు బాబూ, కాగితం పరుచుకోవాలి" అంది.

ఆయన జరిగాడు.